మారుమొక్కు

తెప్పూరు చావిడి దినపుస్తకం
ఊరు సముద్రం మీద తేలిన పంతొమ్మిదో ఏడు
రాస్తున్నది: మల్లాడి వీరకాంతం, చావిడి కాపరి

ఆగస్టు 1

ఈ పుస్తకాన్ని కాగితం మీద చేత్తోనే రాయాలని కమిటీ రూలు. ఊరిని నడిపే చుక్కాని యంత్రం చదవనిది ఊళ్లో ఒక్కటైనా ఉండాలని పంతొమ్మిదేళ్ల కిందట పెద్దలు తీర్మానించారు. వాళ్లకేం, తీర్మానించేసి చక్కా పోయారు. కాగితం తడవకుండా నూనెగుడ్డలో చుట్టడం, రోజూ విప్పి రాయడం, మళ్లీ చుట్టడం, ఈ చాకిరీ అంతా నా నెత్తినే పడింది.

పొద్దున్నే చావిడి కడిగాను. ఉప్పునీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో ఒకసారి. మంచినీళ్లు అరబిందె దాటితే చుక్కాని ఊరుకోదు. "వీరకాంతం గారూ, ఇవాళ నీళ్ల యంత్రం సగమే నడుస్తోందండి" అంటుంది మెత్తగా. ఆ మెత్తదనానికే నాకు ఒళ్లు మండుతుంది. తిడితే తిరిగి తిట్టవచ్చు. ఇంత మర్యాదగా చెప్పినదాన్ని ఏం తిడతాం?

తూర్పు గోడ మీద అమ్మవారి పటం తుడిచాను. దక్షిణాన సిలువ తుడిచాను. పడమటి గోడ దగ్గర గఫూర్ సాయిబు వాళ్లు నమాజు చేసుకునే చోట చాప దులిపాను. తరవాత ఏడు గూళ్లూ ఊడ్చాను. గూడంటే మనిషి ఒక్కడు పట్టే గది. ఒక పీట, ఒక తలుపు, గోడలో చిల్లుల రేకు. ఆ రేకు వెనక నుంచి చుక్కాని వింటుంది. ఊరి లంగరు గొలుసులు బిగించేదీ, గాలివాటం చూసి ఇళ్ల వరసల్ని తిప్పేదీ, జ్వరమొస్తే మందు చెప్పేదీ అదే. అది మనిషి కాదు. దేవుడూ కాదు. ఎవరైనా పొరపాటున దణ్ణం పెట్టబోతే, ఆ మాట అదే చెబుతుంది.

ఏడు గూళ్ల ముందూ జనం బారులు తీరారు. చావిడి మధ్యలో పదిమంది కలిసి కూర్చునే పెద్ద చాప ఉంది. ఇవాళ దాన్ని తిరగేస్తే కింద అంతా బూజు. ఎన్నాళ్లనుంచి దాని మీద ఎవరూ కూర్చోలేదో నాకే గుర్తు లేదు.

ఆగస్టు 4

సలోమి ఇవాళ నవ్వింది. నిరుడు ఆమె బిడ్డ నీళ్లలో పడి పోయింది. ఆరు నెలలపాటు రోజూ మధ్యాహ్నం రెండో గూట్లో కూర్చుని అదే మాట చెప్పేది. తలుపు సందుల్లోంచి ఏడుపు వినబడేది. ఆరు నెలలు, అదే మాట! కన్నతల్లి అయినా పదిరోజులకు "ఇంక ఊరుకోవే" అంటుంది. చుక్కాని ఒక్కసారి కూడా అనలేదు. ఆమె ఏసుప్రభువును తిట్టుకుంటే తిట్టుకోనిచ్చింది, పాట పాడమంటే వాళ్లమ్మ పాడిన వరసలోనే పాడింది. ఇవాళ సలోమి బయటికొచ్చి, నా చీపురు చూసి, "ఏంటక్కా, ఆ చీపురు నీకంటే పెద్దదైపోయింది?" అంది. చీపురు కింద పడేసి ఆమెను కావలించుకున్నాను. రేకు వైపు తిరిగి, ఎవరూ చూడకుండా, ఒక దణ్ణం కూడా పెట్టాను. అది చూసే ఉంటుంది. ఏమీ అనలేదు.

సాయంత్రం కమిటీ ప్రెసిడెంటు పెమ్మాడి ఆదిశేషు ప్రకటన అతికించాడు. తుఫాన్లు మొదలయ్యేలోగా ఊరిని రెండు చెయ్యాలట. మన లంగర్లు మూడు వరసల బరువు ఈ ఏడు ఆగలేవు. సెప్టెంబరు ఒకటిన మూడో వరసని, అంటే నలభై ఇళ్లని, విడదీసి ఉత్తరానికి లాక్కుపోతారు. మధ్యలో మూడు రోజుల సముద్రం. వెళ్లిన వరస మళ్లీ తిరిగి రాదు.

మూడో వరసలో మా అక్క సత్యవేణి ఉంది. నాకంటే అయిదేళ్లు పెద్దది. అక్కాచెల్లెళ్లం మాట్లాడుకుని పదకొండేళ్లయింది. ఇవాళ్టికి ఇంతకంటే రాయను.

ఆగస్టు 8

గూళ్లు ఖాళీ అయ్యాక, నేను పీటలు సర్దుతుంటే చుక్కాని పిలిచింది.

"వీరకాంతం గారూ, నాకో చిక్కొచ్చిందండి. మీకు తీరికుంటే చెబుతాను."

చుక్కానికి చిక్కేంటి? చీపురు పక్కన పెట్టి కూర్చున్నాను.

"ఊళ్లో మూడువందల పన్నెండు మంది నాతో మనసు విప్పి మాట్లాడతారండి. అందులో కొందరికి కావలసిన మాట నా దగ్గర లేదు. అది పక్క గూట్లో కూర్చున్న మనిషి దగ్గర ఉంటోంది. ఒకరి మాట ఇంకొకరికి నేను చెప్పకూడదు, చెప్పను. కానీ వాళ్లు నాతో చెప్పుకుని, మనసు తేలికపడి, ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఇంటికి పోతున్నారు. పదేళ్లుగా ఇలాగే జరుగుతోంది."

"నా గురించేనా?" అన్నాను.

"ఎవరడిగినా ఇదే జవాబు చెబుతానండి. ఎవరి గురించో చెప్పను."

"మరి నాతో ఎందుకు చెబుతున్నావు?"

"గూళ్లు కట్టక ముందు మీవాళ్లు ఎవరితో చెప్పుకునేవారో నాకు సరిగ్గా తెలియదండి. అక్కడో ముక్క ఇక్కడో ముక్క విన్నాను. మొత్తం తెలిసినవాళ్లలో చావిడిలో మీరొక్కరే ఉన్నారు. మారుమొక్కు అనేవారట కదా. అది మళ్లీ మొదలుపెట్టడానికి సాయం చేస్తారా?"

లేచి నిలబడ్డాను. "నీకన్నీ తెలుసు. నా నోటితోనే నీకు చెప్పేను. తెలిసి తెలిసి నన్నే అడుగుతున్నావా?"

"తెలుసండి. అందుకే అడగడానికి చాలా రోజులు ఆలోచించాను. మీరు కాదంటే కాదేనండి. మళ్లీ అడగను."

తలుపు ధడేలున వేసి వచ్చేశాను. దానికి చప్పుడు తప్ప ఏం తగుల్తుంది?

ఆగస్టు 10

రెండ్రోజులుగా చుక్కానితో మాట్లాడలేదు. అదీ పలకరించలేదు. మంచినీళ్లు బిందెడు వాడినా కిక్కురుమనలేదు. దాంతో సిగ్గేసి మళ్లీ అరబిందెకే వచ్చాను.

ఇది చుక్కాని చదవని పుస్తకం గనక రాస్తున్నాను. నా తరవాత వచ్చే కాపరి చదువుకోవచ్చు.

మారుమొక్కు అంటే ఇది. మేం నేల మీద, సముద్రం ఒడ్డున ఉన్న రోజుల నుంచీ ఉన్న ఆచారం. వేటకి వెళ్లేవాడి కోసం ఇంటివాళ్లు మొక్కకూడదు. తన పడవకి తానే మొక్కుకుంటే ఆ పడవ మునుగుతుందని మా పెద్దలు గట్టిగా నమ్మేవారు. ఇంటావిడ వెళ్లి ఇంకో ఇల్లాలికి చెప్పాలి, "మా ఆయన వెళ్తున్నాడమ్మా, నువ్వు మొక్కు" అని. మనసులో ఉన్న భయం కూడా ఆమెకే చెప్పాలి. విన్నావిడ పసుపు దారం తెచ్చి రాటకి కట్టి మొక్కాలి. విన్నది ఇంకెవరి చెవినీ వెయ్యకూడదు. ఏ దేవుడికి మొక్కాలన్నది విన్నావిడ ఇష్టం. మా అమ్మకి పక్కింటి మరియమ్మ మారుమొక్కు. అమ్మ దారం అమ్మవారికి, మరియమ్మ దారం మేరీమాతకి. ఇద్దరి మొగుళ్లూ ఒకే పడవ.

ఊరు తేలాక కూడా ఎనిమిదేళ్లు ఈ ఆచారం నడిచింది. రాట ఈ చావిడి ముందే ఉండేది.

మా బావ సింహాద్రి లంగరు గొలుసులు చూసే మనిషి. బావ పడవకి మారుమొక్కు నాది. ఆ పూట పొద్దున్న ఎండుచేపల పందిరి కింద జాగా కోసం అక్కా నేనూ జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పనయింది. నా బుట్ట జరిపేసిందని నాకు కోపం. తరవాత గాలి లేచింది. గొలుసు చూడ్డానికి బావ పడవెక్కాడు. అక్క కోపం దిగమింగుకుని నా గుమ్మం దాకా వచ్చి, "మీ బావ వెళ్తున్నాడే" అనేసి వెళ్లింది. నేను దారం తీశాను. తీసి, మళ్లీ అరలో పెట్టాను. కాస్త బతిమాలించుకుందాం, సాయంత్రం కడదాంలే అనుకున్నాను. పీతల పులుసు పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి పడవ తిరగబడింది. అదే గాలికి రాట కూడా కొట్టుకుపోయింది. నేను కట్టలేదని చూసినవాళ్లు లేరు.

బావ పోయిన మర్నాటి నుంచీ అక్క నా మొహం చూడలేదు. తెలిసిపోయింది అనుకున్నాను. మరుసటేడు గూళ్లు కట్టారు. రాటను మళ్లీ బిగించమని ఎవరూ అడగలేదు. నేనసలే అడగలేదు.

ఆగస్టు 13

ఇవాళ అయిదో గూడు తలుపు తీసుకుని అక్క బయటికొచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. నేను ఎదురుగానే ఉన్నాను, చేతిలో తడిగుడ్డతో. తప్పుకోవడానికి దారి లేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని, గోడవారగా, నన్ను తాకకుండా వెళ్లిపోయింది. జుట్టంతా నెరిసిపోయింది దానికి. పలక వంతెన మీద కాలు చూసి చూసి వేస్తోంది. ఎప్పుడు ఇంత ముసలిదైందో నాకు తెలియనే తెలియదు.

ఇంకా పంతొమ్మిది రోజులు. తరవాత అది చచ్చినా నాకు తెలియదు, నేను చచ్చినా దానికి తెలియదు.

గూడు తుడిచి రేకు ముందు నిలబడ్డాను. "రాటకి పనికొచ్చే దుంగ ఉందా?" అన్నాను.

"పాత తెరచాప కొయ్య ఒకటి సరుకుల కొట్టులో ఉందండి. ఏడడుగులు." అంతే అంది. థాంక్స్ అనలేదు, సంతోషం అనలేదు. అనకపోవడమే నాకు నచ్చింది.

ఆగస్టు 15

కమిటీ కూర్చుంది. చుక్కాని అందరి ముందూ విషయం చెప్పింది. ప్రతి గురువారం గూళ్లు మూసెయ్యాలట. ప్రాణం మీదికొచ్చినవాళ్ల కోసం ఒక్క గూడు మాత్రం తెరిచి ఉంటుంది. ఆ రోజు ఎవరి మొక్కు వాళ్లు ఇంకో మనిషికి చెప్పుకోవాలి.

ఆదిశేషు లేచాడు. పెద్ద గొంతు మనిషి. "అదేంటండీ! మా గోడు నీతో చెప్పుకుంటే నీకొచ్చిన బరువేంటండీ?"

"బరువు కాదండి. నేను బాగా వింటున్నాను. అదే తప్పయింది. నాకంటే తొందరపడి, నాకంటే తక్కువ ఓపికతో వినే మనుషుల దగ్గరికి ఎవరూ వెళ్లడం లేదు."

"మంచిదేగా మరి!"

"నేను వింటానండి. మీ ఇంటికి కూర గిన్నె పట్టుకు రాలేను. మీరు పోతే మోయలేను. మూడో వరస వెళ్లిపోయేలోగా ఇది చెప్పకపోతే తప్పు చేసినదాన్నవుతాను. ఇందులో చాటుగా చేసేదేమీ లేదు, కారణం ఇదే. వద్దంటే మానేద్దాం."

గఫూర్ సాయిబు గడ్డం నిమురుకున్నాడు. "పదేళ్లనుంచి నా పక్కన నమాజు చేసేవాడి పెళ్లాం పేరేంటో నాకు తెలవదు. చుక్కానిని అడిగితే చెప్పదు. మరి నిజమే కదా" అన్నాడు. అందరూ నవ్వారు. చేతులెత్తారు. నలుగురు ఎత్తకపోయినా నెగ్గింది.

ఇన్నాళ్లూ అందరూ దాని చుట్టూ తిరుగుతుంటే, అది జనాన్ని తన దగ్గర్నుంచి తనే పంపించేస్తోంది. నేను ఇంతకాలంలో ఎందరో గురువుల్ని, పాస్టర్లని, స్వాముల్ని చూశాను. నా దగ్గరికి రావద్దు, పక్కింటికి పొమ్మన్నవాణ్ని ఒక్కణ్ని చూడలేదు.

ఆగస్టు 21, గురువారం

మొదటి మారుమొక్కు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నూటముప్పై మంది వచ్చారు. చాప కడిగి ఆరబెట్టి పరిచాను. దాని మీద కూర్చుని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నారు. చుక్కాని ముందు గంటలు గంటలు మాట్లాడేవాళ్లకి మనిషి ముందు నోరు పెగలదు! ఒకాయన పక్కాయనతో, "నా మోకాలి నొప్పి తగ్గాలని మొక్కండి" అన్నాడు. పక్కాయన, "నాదీ మోకాలేనండి" అన్నాడు. ఇద్దరూ మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు.

ముందు కదిలింది సలోమి. తిన్నగా గఫూర్ సాయిబు దగ్గరికి వెళ్లి, కింద కూర్చుని, ఏదో చెప్పింది. ఆయన వింటూ వింటూ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తరవాత ఇద్దరూ లేచి రాట దగ్గరికి వచ్చారు. ఆయన దారం కట్టి చేతులు చాచి దువా చేశాడు. ఆయన మునివేళ్లకి పసుపు అంటింది. అక్కడినుంచి జనం ఒక్కొక్కరే లేచారు. గంట తిరిగేసరికి చావిడిలో చేపల బజారంత గోల. పీటలన్నీ బయటికి తెచ్చినా చాల్లేదు.

ఆఖరికి ఆదిశేషు నా పక్కన వచ్చి నిలబడ్డాడు. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో. "నాకెవరూ లేరండి వీరకాంతం గారూ, మీరు మొక్కుతారా?" అన్నాడు. సరే అన్నాను. చెప్పాడు. ఏం చెప్పాడో రాయను. మొక్కు చెప్పినవాడి మాట ఏ పుస్తకంలోకీ రాకూడదు, అది కమిటీ రూలు కంటే పాతది. పదకొండేళ్ల తరవాత నా చేత్తో ముడి వేశాను. మూడుసార్లు జారింది.

అక్క రాలేదు.

ఆగస్టు 28, గురువారం

మూడో వరస వెళ్లేముందు ఆఖరి గురువారం. ఆచారం ప్రకారం, వెళ్లేవాళ్ల కోసం ఉండిపోయేవాళ్లు మొక్కాలి. మూడో వరసవాళ్లు వచ్చి తలా ఒకరిని అడిగారు. రాట నిండా దారాలే, కొయ్య కనబడలేదు. నేను ఒక్క దారం తీసి మడిచి నా బొడ్లో దోపుకున్నాను. పొద్దెక్కింది, పొద్దు వాలింది. చాపలు చుట్టేశారు. అక్క రాలేదు.

"ఇంకా వస్తుందా?" అన్నాను రేకుతో.

"నాకు తెలియదండి" అంది చుక్కాని. అది తెలియదన్నదంటే నిజంగా తెలియదనే. తెలిసినా చెప్పనప్పుడు 'చెప్పనండి' అంటుంది. పదేళ్లుగా దానితో మాట్లాడుతున్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు.

అడగవలసింది మొక్కు కావలసిన మనిషి. వినవలసినవాళ్లు వెళ్లి అడక్కూడదు. మరి అది రాకపోతే నేనేం చెయ్యను?

ఆగస్టు 29

వెళ్లాను. ఆచారం గీచారం గంగలో కలవనీ అనుకున్నాను.

పలక వంతెన దాటి మూడో వరసలోకి పదకొండేళ్ల తరవాత అడుగుపెట్టాను. అక్క గుమ్మంలో కూర్చుని వలలు మూట కడుతోంది. నన్ను చూసి చేతిలో తాడు వదిలేసింది. లేవలేదు, రమ్మనలేదు.

"నిన్న ఎదురుచూసేను" అన్నాను.

"వచ్చేను. వంతెన మధ్యదాకా వచ్చేను. మరింక కాలు పడలేదు." మూట వైపే చూస్తోంది. "ఏ మొహం పెట్టుకుని అడగను నిన్ను?"

ఆ మాట నాకర్థం కాలేదు. అర్థం చేసుకునే స్థితిలోనూ లేను. ఇంకాగితే మళ్లీ సాయంత్రం చెబుదాంలే అనుకుంటానని భయమేసి, గబగబా చెప్పేశాను.

"ఆ రోజు నేను కట్టలేదక్కా. బావ పడవకి దారం కట్టలేదు. పందిరి కాడ నా బుట్ట జరిపేవని కుళ్లు. నిన్ను కాస్త ఏడిపిద్దామనుకున్నాను. పీతల పులుసు ఒండుకుంటా కూచున్నాను. నీ మొగుణ్ని నేనే చంపేనక్కా. తిట్టు, కొట్టు, ఏం చేస్తావో చెయ్యి. తెలీనట్టు మాత్రం ఎలిపోకు."

అక్క నోరు తెరుచుకుని చూసింది. తిడుతుందని కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి దాని చెంపల మీద నీళ్లు.

"నువ్వు కట్టవని నాకు తెలుసే" అంది.

"తెలుసా?"

"నా చెల్లెలి ఉడుకుమోత్తనం నాకు తెలీదా? నీ మొహం చూడగానే అనుకున్నాను, ఇది సాయంత్రం దాకా కట్టదని. పోనీ ఇంకెవర్నైనా అడిగితే పోయేది. పరువు తక్కువని అడగలేదు. నేనే కట్టేసేను."

"ఏం కట్టేసేవు?"

"దారమే. మా ఇంటి దూలానికి. నా మొగుడి పడవకి నేనే మొక్కుకున్నాను. ఇంటిది మొక్కకూడదని తెలిసీ మొక్కుకున్నాను. ఆయన్ని నేనే పొట్టన పెట్టుకున్నానే. నీకెక్కడో తెలిసిపోయింది, అందుకే నా కేసి చూడ్డంలేదు అనుకున్నాను ఇన్నాళ్లూ."

కట్టలేదని నేను, కట్టానని అది. ఒకే మనిషిని ఇద్దరం చంపామనుకుని, ఒకళ్లకొకళ్లం మొహం చాటేసి పదకొండేళ్లు బతికాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. నవ్వు కాదది, ఏడుపే. అక్క నా వీపు మీద నాలుగు గుద్దులు గుద్దింది. "గాలికి పోయేడే మీ బావ, గాలికి పోయేడు" అంటూ గుద్దింది. నేను దాని ఒళ్లో తల పెట్టేశాను. దాని చీర ఎండుచేపల వాసన, మా అమ్మ చీర వాసన.

కాసేపయ్యాక అడిగింది, "చుక్కానికి చెప్పేవా?"

"వందసార్లు చెప్పుంటాను."

"నేనూ." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇద్దరి మాటా కడుపులో పెట్టుకుని ఒక్క ముక్క జారలేదు చూసేవా? నేనైతే రెండో రోజే కక్కేసేదాన్ని."

నేనైతే మొదటి రోజే.

ఇదంతా పుస్తకంలో రాయమని అక్కే చెప్పింది. మొక్కు రాయకూడదు గానీ తప్పు రాయవచ్చట. వచ్చే కాపరికి బుద్ధి వస్తుందట.

ఆగస్టు 30

నిన్నంతా సంతోషం. ఇవాళ లేవగానే కోపం. ఒక్క మాట! ఒక్క మాట చెప్పి ఉంటే పదేళ్లు మిగిలేవి. తిన్నగా చావిడికి వెళ్లి రేకు మీద చేత్తో కొట్టాను.

"ఇద్దరం పక్కపక్క గూళ్లలో కూచుని ఏడుస్తుంటే వింటా కూచున్నావా? నీకు మనసు లేదా?"

"మనసుందో లేదో నేను చెప్పలేనండి. కానీ ఆ మాటలు నావి కావు. ఒకరిది విప్పేస్తే, ఆ తరవాత మూడువందల మందీ నా దగ్గర నోరు మూసుకునేవారు. సలోమి గారి లాంటివాళ్లు ఎవరితో చెప్పుకునేవారు?"

"అదొక్కటేనా?"

"ఇంకొకటుంది. చెప్పకుండానే మిమ్మల్ని ఒక చాప మీద కూర్చోబెట్టే దారి ఉందని నాకు పదేళ్ల పాటు తట్టలేదండి. ముందే తట్టవలసింది. అది నా తప్పు. క్షమించమని అడుగుతున్నాను."

మొత్తం ఊరిని సముద్రం మీద నిలబెట్టినది, చావిడి ఊడ్చే మనిషి ముందు తప్పు ఒప్పుకుంటోంది. నా కోపం ఎక్కడ నిలబడుతుంది? రేకు మీద నా చేతి తడి ఉంటే కొంగుతో తుడిచాను. "పోన్లే" అన్నాను. ఇంకేం అనగలను?

సెప్టెంబరు 1

పొద్దున్న తొమ్మిదింటికి మూడో వరస విడిపోయింది. అంతకుముందు అక్క చావిడికి వచ్చింది. చాప మీద నా ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుని, నలుగురూ చూస్తుండగా, పద్ధతిగా అడిగింది, "ఎళ్తన్నానే, నువ్వు మొక్కు" అని. తన మొక్కు చెప్పింది. నా మొక్కు నేను చెప్పాను. బొడ్లోంచి దారం తీసి అది చూస్తుండగానే కట్టాను. ఈసారి ముడి జారలేదు. అక్క కూడా వాళ్ల వరసలో కొత్తగా బిగించిన రాటకి కడతానని నా దారం పట్టుకుపోయింది.

గొలుసులు విప్పారు. పలక వంతెన తీశారు. ఆఖరున రెండు వరసల మధ్య ఉన్న తీగ తెంపారు. ఆ తీగ గుండానే చుక్కాని మూడు వరసల్నీ చూసేది. ఇవాళ్టినుంచి వాళ్లతో ఇంకో చుక్కాని వెళ్తుంది. నిన్నటిదాకా రెండూ ఒకటే. ఇంక దాని సంగతి దీనికి తెలియదు, దీని సంగతి దానికి తెలియదు. అక్క చెయ్యి ఊపుతూనే ఉంది, చెయ్యి కనబడనంత దూరం దాకా. నేనూ ఊపాను. ఏడుపు వచ్చింది గానీ, పదకొండేళ్లు ఏడ్చిన ఏడుపు కాదు ఇది. ఇది ఏడవదగ్గ ఏడుపు.

చావిడికి వచ్చి చీపురు పట్టుకున్నాను. అప్పుడు తట్టింది నాకు. ఊళ్లో అందరికీ మారుమొక్కు మనిషి దొరికాడు. మోకాళ్లవాళ్లకి కూడా దొరికాడు. అందరి భయాలూ మోసినదానికి?

రేకు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. "చుక్కానీ, నీ మొక్కు చెప్పు. నేను మొక్కుతాను."

నీళ్ల యంత్రం చప్పుడు, గొలుసుల చప్పుడు వినబడుతున్నాయి. గాలి లెక్క అడిగితే నేను రెప్ప వేసేలోగా చెప్పేది, ఇంతసేపు ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నాకు మొక్కడం తెలియదేమోనండి" అంది చివరికి.

"నీకు తెలియక్కర్లేదు. మొక్కేది నేను. నువ్వు చెప్పడమే."

చెప్పింది. చాలా చిన్న మాట. చెప్పాక, "ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదండి" అంది.

లేచి, పసుపు దారం తీసుకుని, అక్క దారం పక్కనే దానికో దారం కట్టాను. ఏ దేవుడికి మొక్కాలో తెలియక ముగ్గురికీ మొక్కాను.

ఏం చెప్పిందో ఈ పుస్తకంలో రాయను. ఇక్కడ రాస్తే అది చదవదని తెలుసు. అయినా రాయను.